ఎక్కడ పడ్డానో చెప్పాను

నేను పడింది అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీలో ఒక ఇండియన్ కిరాణా షాపులో, వెనకవైపు కిచెన్‌ని ఆనుకుని సరుకులు చల్లగా ఉంచే కూలర్ గదిలో. డిసెంబరు నెల, శుక్రవారం ఉదయం. శుక్రవారం మాకు పని ఎక్కువ. సాయంత్రం ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్లు దారిలో ఆగి, వారాంతానికి దోసెల పిండి, పప్పు, రెండు కూరలు, పులిహోర పట్టుకెళ్తారు. ఆ పిండి రుబ్బేదీ, ఆ పులిహోర కలిపేదీ నేనే. పెళ్లికి ముందు గుంటూరులో స్కూల్లో లెక్కలు చెప్పాను. ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్లు ఇంట్లో ఉండి, డిపెండెంట్ వీసా మీద పనిచేసుకునే పర్మిట్ చేతికి రాగానే దొరికిన మొదటి ఉద్యోగం ఇది. నాకు నచ్చింది కూడా. నాలుగు మాటలు తెలుగులో మాట్లాడుకుంటూ పనిచేసే చోటు.

షాపు యజమానిని నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన భార్యని వదినా అని. మాకేమీ చుట్టరికం లేదు. ఈ ఊళ్లో తెలుగువాళ్లమందరం అలాగే పిలుచుకుంటాం. వాళ్లు ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరెవరి హోటళ్లలోనో గిన్నెలు కడిగి, ఉల్లిపాయలు తరిగి, ఇరవై ఏళ్లకి ఈ షాపు పెట్టుకున్నారు. వదిన ఇప్పటికీ నాతోపాటు కిచెన్‌లో నిలబడి పనిచేసేది. తక్కువ మాట్లాడే మనిషి. నాకు తలనొప్పిగా ఉందని మొహం చూసి కనిపెట్టి, చెప్పకుండానే టీ పెట్టి పక్కన ఉంచేది.

కూలర్ గదిలో నీళ్లు పోయే తూము అప్పటికి వారం నుంచి పూడుకుపోయి ఉంది. నేల మీద నీళ్లు నిలుస్తుంటే అట్టపెట్టెలు విప్పి పరిచారు. ఆ అట్టలు నాని మెత్తబడిపోయాయి. ఆ ఉదయం నేను పిండి టబ్బు రెండు చేతులా పట్టుకుని, ప్లాస్టిక్ తెరలని భుజంతో తోసుకుంటూ లోపలికి అడుగుపెట్టాను. కాలి కింద అట్ట జారింది. టబ్బు వదిలెయ్యాలని తోచలేదు. పడుతూ పడుతూ కూడా పిండి ఒలికిపోతుందనే అనుకున్నాను. కుడిచెయ్యి నా కిందా, టబ్బు కిందా పడి నలిగింది. ఎండుపుల్ల విరిచినట్టు ఒక చప్పుడు. అది నా చేతిలోంచి వచ్చిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

వదిన పొయ్యి కట్టేసి పరిగెత్తుకొచ్చింది. "కదలకు, కదలకు" అంటూ నా తల తన ఒళ్లో పెట్టుకుంది. నా జుట్టు నిండా పిండి. మణికట్టు దగ్గర చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. వదిన దాని వంక ఒక్కసారే చూసి, మళ్లీ చూడలేదు. తువ్వాలు చుట్టి, అడుగున ఒక గట్టి అట్టముక్క పెట్టి, తన చున్నీతో మెడకి కట్టింది. అన్నయ్య వచ్చి మా ఇద్దరినీ, ఆ ఒలికిన పిండినీ చూసి, "వ్యాన్ తీస్తాను" అని వెళ్లాడు.

వదిన షాపులో ఉండిపోవాల్సి వచ్చింది. బియ్యం బస్తాల వాసన వేసే ఆ వ్యాన్‌లో అన్నయ్య నన్ను అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా జాగ్రత్తగా, గతుకుల దగ్గర నెమ్మదిగా నడిపాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కడ జరిగింది అని. నాకు నొప్పితో నోరు పెగలడం లేదు. అన్నయ్యే ఇంగ్లీషులో చెప్పాడు, ఇంటి దగ్గర, మెట్ల మీద మంచు ఉండి జారిందని. నేను ఆయన వైపు చూశాను.

"ఏం లేదమ్మా," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. "షాపులో అని చెప్తే వీళ్లు సవాలక్ష పేపర్లు తీస్తారు. ఇన్సూరెన్స్ వాడొస్తాడు, ఇన్‌స్పెక్షన్ అంటాడు. ఖర్చంతా నేను చూసుకుంటా. నువ్వు నా చెల్లెలివి. బెంగ పెట్టుకోకు."

వాళ్లిచ్చిన కాగితాలు ఆయనే నింపాడు. సంతకం పెట్టే చెయ్యి నాకు లేదు, ఆయనే పెట్టాడు. వాపు పెరుగుతోందని నర్సు నా బంగారు గాజుని చిన్న కత్తెరలాంటి దానితో కోసేసింది. ఆ క్షణంలో నాకు కళ్లనీళ్లు వచ్చింది ఆ గాజు కోసమే తప్ప, అన్నయ్య చెప్పిన ఆ ఒక్క మాట గురించి కాదు. ఆ మాట ఎంత దూరం వెళ్తుందో నాకేం తెలుసు?

ఆయన అన్నట్టే చేశాడు. కట్టు కట్టించాడు, మందులు కొనిచ్చాడు. వదిన నెలరోజులపాటు రోజు విడిచి రోజు డబ్బాల్లో అన్నం, కూరలు తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్లేది. మా అమ్మాయి జడ కూడా ఒకటి రెండుసార్లు ఆమే వేసింది. అందుకే ఈ సంగతంతా రాస్తున్నప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. వాళ్లు నన్ను వదిలేసిన మనుషులు కారు. ఒక మేరకు చూశారు. ఆ మేర దాటిన తర్వాత ఏమిటన్నదే నా కథ.

కట్టు విప్పాక చెయ్యి తిరగలేదు. అరచెయ్యి పైకి పెట్టి ప్రసాదం పట్టుకోవడం కూడా రాలేదు. వేసవి మొదట్లో షాపుకి తిరిగి వెళ్లాను. కిచెన్‌లో పనికిరానని బిల్లింగ్ దగ్గర నిలబెట్టారు. సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కి, చిల్లర లెక్కపెట్టలేకపోయేదాన్ని. చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎముక వంకరగా అతుక్కుందనీ, మళ్లీ విరిచి ప్లేటు వెయ్యాలనీ చెప్పాడు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పాను.

"సర్జరీ అంటే నా వల్ల కాదమ్మా. మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా. దాంట్లో చేయించుకోండి."

అందులో తప్పేముందని మాకూ అనిపించింది. ఆపరేషన్ అయింది. నేను ఇంట్లో ఉండగానే కిచెన్‌లోకి వేరే మనిషి వచ్చింది. "నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారు. రెస్ట్ ఎన్నాళ్లో ఎవరూ అనలేదు.

నేను పడిన మరుసటి ఏడాది అక్టోబరులో మా ఆయన ఇన్సూరెన్స్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఈ గాయం పనిచేసే చోట జరిగిందా, అవునో కాదో టిక్కు పెట్టి సంతకం చేసి పంపమని. అలాంటివి అందరికీ పంపుతారట, పని చోట తగిలిన దెబ్బకి డబ్బు పెట్టాల్సింది వేరే ఇన్సూరెన్స్ కాబట్టి. మా ఆయన పెన్ను తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు.

"కాదు అని పెట్టెయ్," అన్నారు. ఆయనది వరంగల్. విసుగొస్తే ఆ యాస ఇంకా బయటికొస్తుంది. "ఎందుకీ లొల్లి? ఆల్రెడీ హాస్పిటల్ రికార్డ్‌లో ఇంటి దగ్గర అనే ఉంది. ఇప్పుడు మార్చి చెప్తే మనమే అబద్ధాలోళ్లం అయితం. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నం. యాదికుందా?"

"అది అబద్ధం కదండీ."

"చెప్పింది నువ్వు కాదు కదా."

"ఇప్పుడు చెప్పబోయేది నేనే కదా. సంతకం నాది."

మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లో ఉంది. మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడితే మాటల చివర్లు మింగేస్తుంది.

"అమ్మా, నువ్ వర్క్‌లో పడ్డావ్. అది చెప్పడం ఎందుకు ప్రాబ్లం? ఐ డోంట్ గెట్ ఇట్. నువ్ ఎవరికి సారీ చెప్తున్నావ్?"

నేను ఆ ఉత్తరం మీద ఎడమచేత్తో, వంకర టింకరగా, అవును అని టిక్కు పెట్టాను. మా ఆయన లేచి పైకి వెళ్లిపోయారు. కోపంతో కాదని నాకు తెలుసు. ఈ దేశంలో మేము పదిహేనేళ్లుగా ఏ కాగితం వచ్చినా ముందు భయపడి, తర్వాతే చదవడం నేర్చుకున్నాం.

ఆ ఉత్తరం పంపాక ఊరుకుంటే కుదరదని అనిపించి, మా అమ్మాయి చేత వెతికించి, పని చోట దెబ్బలు తగిలినవాళ్ల క్లెయిములు చూసే రాష్ట్ర కమిషన్‌కి ఫోన్ చేశాను. ఫోనెత్తినామె ఓపిగ్గా మాట్లాడింది. ఎప్పుడు జరిగిందని అడిగింది. చెప్పాను. "క్లెయిమ్ వేశారా?" అంది. షాపు యజమానికి తెలుసనీ, ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లాడనీ, మొదట్లో ఖర్చు కూడా పెట్టుకున్నాడనీ చెప్పాను. అది క్లెయిమ్ కాదట. ఆయన ఎంత ఖర్చు పెట్టినా, ఎంత బాగా చూసుకున్నా, క్లెయిమ్ అనేది నా పేరుతో నేను కమిషన్ దగ్గర వెయ్యాల్సిందే. వర్జీనియాలో దానికి రెండేళ్ల గడువు. దాటితే ఇక ఆ చేతికి ఎప్పుడు ఏం జరిగినా అడిగే హక్కుండదు. నాకు ఇంకా ఏడాదికి పైగా సమయం ఉందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే మనసు భారమైంది. ఎందుకంటే, సమయం ఉంది కాబట్టి నిర్ణయం ఇప్పుడు నాదే అయింది.

ఆ తర్వాత నేను చాలా నెలలు ఏమీ చెయ్యలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, వేసవి వచ్చింది. చేతికి థెరపీ చేయించుకుంటూ, గుప్పిట్లో స్పాంజి బంతి నొక్కుతూ, రేపు రేపు అనుకుంటూ గడిపాను. అన్నయ్య మీద కేసు అనే మాట నా నోట రాలేదు. మా ఆయనే ఒకరోజు, ఆకులు రాలే కాలం మొదలైనప్పుడు, కార్‌లో ఆఫీస్‌కి వెళ్తూ వెళ్తూ ఫోన్ చేశారు.

"నిన్న రాత్రి నువ్వు నీళ్ల గ్లాసు పడగొట్టినవ్ కదా. అది చూసి నాకు నిద్ర రాలే. ఒక లాయర్‌ని కనుక్కున్న. ముందు ఏం కట్టక్కర్లేదంట. ఆమె ఫీజు ఎంతో కూడా కమిషనే చెప్తదంట. పోయి అడుగుదాం. అడిగితే ఏం పోదు."

లాయరు అరవై దాటిన తెల్లావిడ. ఆమె ఆఫీసు ఒక దంతవైద్యుడి క్లినిక్ పైన. నా చెయ్యి టేబుల్ మీద పెట్టమని, తన చేతులతో మెల్లగా తిప్పి చూసింది, డాక్టరులా. తర్వాత మా ఆయన మనసులో ఉన్న భయం ముందే తెలిసినట్టు మాట్లాడింది. ఇది ప్రభుత్వం ఇచ్చే సాయం కాదు, గ్రీన్ కార్డ్‌కీ దీనికీ సంబంధం లేదు. పనివాళ్లకి దెబ్బ తగిలితే ఇవ్వడానికని యజమాని కొనుక్కునే ఇన్సూరెన్స్ ఇది. తప్పు ఎవరిదని కూడా ఎవరూ అడగరు. అట్టలు ఎవరు పరిచారు, నువ్వు చూసి నడిచావా అనే ప్రశ్నలుండవు. పనిలో ఉండగా జరిగిందా లేదా, అంతే.

"దెబ్బ తగిలిన ముప్పై రోజుల్లో యజమానికి రాసి ఇచ్చావా?" అంది.

లేదన్నాను. ఆయన అక్కడే ఉన్నాడు, ఆయనే వ్యాన్‌లో తీసుకెళ్లాడు.

"అయితే ఆయనకి తెలుసు. అది సరిపోతుంది. కానీ రాసి ఇచ్చి ఉంటే నీ పని సులువయ్యేది. ఇప్పుడు కాగితం మీద ఉన్నది మెట్లూ మంచూ మాత్రమే."

గడువుకి కొన్ని వారాల ముందు క్లెయిమ్ వేశాం. అన్నయ్యకి నోటీసు అందిన సాయంత్రమే ఫోన్ వచ్చింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇంట్లో మనిషివనుకున్నానమ్మా," అన్నాడు. "నీకు తక్కువేం చేశాను? ఒక్క మాట నాతో చెప్పి ఉంటే కాదనేవాణ్ణా?"

"చెప్పాను అన్నయ్యా. సర్జరీ అన్నప్పుడు చెప్పాను."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇక ఆ తర్వాత ఊళ్లో సంగతి మామూలే. పిల్లల డాన్స్ ప్రోగ్రామ్‌లో నా పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఒకావిడ మాత్రం మొహం మీదే అడిగింది, మనవాళ్ల మీద మనమే కేసులేసుకుంటే ఎలాగండీ అని. ఎవరి మీదా కేసు వెయ్యలేదు, ఇన్సూరెన్స్ కంపెనీని అడిగాను అని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే అటు తిరిగింది.

షాపు ఇన్సూరెన్స్ కంపెనీ కుదరదంది. గాయం ఇంటి దగ్గర జరిగిందని ఆసుపత్రి రికార్డు చెబుతోంది, యజమాని కూడా అదే చెబుతున్నాడు అని రాసింది. కమిషన్ ముందు హియరింగ్‌కి, అంటే విచారణకి, వెళ్లాలి. నువ్వు పడినప్పుడు చూసినవాళ్లు ఎవరని లాయరు అడిగింది. "వాళ్లావిడ" అన్నాను. ఆమెని సాక్షిగా పిలిపిస్తానంది లాయరు.

"వద్దు," అన్నాను. "ఆమె ఆ ఇంట్లో బతకాలి."

"ఆమె లేకపోతే నీ మాటకి ఎదురు ఆ కాగితం, ఆయన మాట. రెండు. ఆలోచించుకో."

ఆలోచిస్తూ కొన్ని వారాలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మందుల షాపులో లైన్లో నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. వదిన. బాగా చిక్కిపోయింది. బీపీ మందుల కోసం వచ్చిందట. అద్దాల్లోంచి బయట పార్కింగ్‌లో వాళ్ల వ్యాన్ కనిపిస్తోంది, అందులో అన్నయ్య ఫోన్ చూసుకుంటున్నాడు. ఇద్దరం విటమిన్ సీసాల వరస వెనక్కి జరిగాం.

"చెయ్యేది, చూపించు" అంది. చూపించాను. మచ్చ మీద వేలితో రాసింది.

"సాక్ష్యానికి నన్ను పిలుస్తారటగా. ఆయన అంటున్నారు."

"నేను వద్దన్నాను వదినా. మిమ్మల్ని ఇందులోకి లాగను."

వదిన చుట్టూ ఒకసారి చూసింది.

"పిలవమను," అంది. "నాకై నేను రాలేను. ఆయన్ని కాదని గడప దాటి వచ్చి చెప్పే మనిషిని కాను, నీకు తెలుసు. సాక్ష్యానికి రమ్మని పేపర్ వచ్చిందనుకో, రాక తప్పదు కదా. పేపర్ పంపించమను."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని, లైన్లోకి వెళ్లి, మందులు తీసుకుని, నా వైపు మళ్లీ చూడకుండా బయటికి నడిచింది. వ్యాన్ తలుపు తీస్తూ ఆయనతో ఏదో మామూలు మాట అన్నట్టుంది. ఆయన తలూపాడు.

ఆ సాయంత్రమే లాయరుకి ఫోన్ చేసి, వదినకి పేపర్ పంపమన్నాను. హియరింగ్ ఏప్రిల్లో. కోర్టు అంటే సినిమాల్లో చూసినట్టు ఉంటుందనుకున్నాను. బల్లలు వేసిన చిన్న గది అది. కమిషన్ తరఫున వినే డెప్యూటీ కమిషనర్ ఒకాయన, పక్కన రికార్డింగ్ యంత్రం, ఇన్సూరెన్స్ లాయరు, మా లాయరు. నాకోసం, వదిన కోసం కమిషన్ వాళ్లే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. నాకు ఇంగ్లీషు వచ్చు. కానీ ఆ రోజు నేను తెలుగులోనే చెబుతానన్నాను. పడ్డప్పుడు నేను తెలుగులోనే అరిచాను, తెలుగులోనే ఏడ్చాను.

నేను చెప్పడం అయ్యాక అన్నయ్య చెప్పాడు. ఆయన మాట తడబడలేదు. ఉదయం షాపుకి వచ్చేసరికే చెయ్యి పట్టుకుని వచ్చిందనీ, ఇంటి దగ్గర పడ్డానందనీ, మానవత్వంతో ఆసుపత్రికి తీసుకెళ్లాననీ అన్నాడు. నా వైపు చూడలేదు. ఆయన చేతులు మాత్రం బల్ల కింద ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

తర్వాత వదినని పిలిచారు. పెళ్లికి వచ్చినట్టు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇన్సూరెన్స్ లాయరు మొదట ఒక అనుమానం లేవదీశాడు. నేను మాటల్లో ఆమెని వదిన అన్నానట, ఇంటర్‌ప్రెటర్ దాన్ని అన్న భార్య అని చెప్పిందట, అయితే మీరు చుట్టాలా, అని.

"కాదు," అంది వదిన.

"మరి ఎందుకలా పిలుస్తుంది?"

వదిన కొంచెం ఆలోచించింది. "మాకు పేరు పెట్టి పిలవడం అలవాటు లేదు" అంది.

మా లాయరు లేచి, ఆ ఉదయం ఏం చూశావో చెప్పమంది.

"మా కూలర్‌లో పడింది. పిండి టబ్బుతో సహా. కింద అట్టలు తడిసి ఉన్నాయి. చప్పుడు విని నేనే వెళ్లాను. నా చున్నీ తీసి కట్టాను." వదిన గొంతు మొదట సన్నగా ఉంది, తర్వాత సర్దుకుంది. "ఆ పిండంతా ఆ రోజు నేనే కడిగాను. అట్టలు కూడా నేనే తీసి బయట పడేశాను."

"ఇంతవరకూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇన్సూరెన్స్ లాయరు.

"నన్నెవరూ అడగలేదు."

ఇంటర్‌ప్రెటర్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక ఆ లాయరు ఇంకో ప్రశ్న వేశాడు.

"మీ భర్త అబద్ధం చెబుతున్నారంటారా?"

వదిన తల వంచుకుంది. ఆ ప్రశ్న ఆమెని అడగకుండా ఉంటే బాగుండునని నేను మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆమె తలెత్తి అంది, "ఆయన భయపడ్డారు. మేము వేరేవాళ్ల దగ్గర పనిచేసేప్పుడు నా చెయ్యి కాలింది. అప్పుడు ఆ ఓనరు కూడా ఆయన్ని ఇంట్లో కాలిందని చెప్పమన్నాడు. చెప్పారు. పనులు అలాగే జరుగుతాయని మేమనుకున్నాం."

ఆమె జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. మోచేతి పైన ఎప్పుడూ అది కప్పి ఉండే చోట ఉన్న పాత మచ్చని నేను ఆ రోజే మొదటిసారి చూశాను. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఆ గదిలోనే పోయిందని చెప్పలేను. కానీ దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది.

తీర్పు వెంటనే చెప్పరు, కాగితం మీద పంపుతారు. వేసవి మొదలయ్యాక వచ్చింది. గాయం పనిలోనే జరిగిందని డెప్యూటీ కమిషనర్ రాశారు. ఆ చేతికి సంబంధించిన వైద్యం ఎంతకాలం అవసరమైతే అంతకాలం వాళ్ల ఇన్సూరెన్సే చూసుకోవాలి. పని చెయ్యలేకపోయిన రోజులకి జీతంలో ఒక భాగం ఇవ్వాలి. చేతికి శాశ్వతంగా ఎంత శక్తి తగ్గిందో డాక్టరు తేల్చాక దానికీ కొంత ఉంటుంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, "వదినకి ఫోన్ చెయ్" అన్నారు. చేశాను. ఎత్తలేదు. ఆ వేసవంతా ఎత్తలేదు.

చెయ్యి మునుపటిలా కాలేదు. సీసా మూత తిప్పలేను. చపాతీ పిండి కలపలేను, మా ఆయన కలుపుతారు, గట్టిగా కలుపుతారు. ఇప్పుడు నేను ఒక ప్రీస్కూల్లో చిన్నపిల్లలకి సాయంగా ఉంటున్నాను. అంకెలు చెప్పేప్పుడు ఎడమచేత్తో బోర్డు మీద రాస్తాను. సరుకులకి ఇరవై నిమిషాలు ఎక్కువ డ్రైవ్ చేసి వేరే షాపుకి వెళ్తాం. వాళ్ల షాపు నడుస్తూనే ఉంది. కూలర్‌లో రబ్బరు మ్యాట్లు వేశారని, తూము బాగు చేయించారని ఎవరో అన్నారు. ఊళ్లో మాటలు కూడా మెల్లగా సద్దుమణిగాయి. కొందరు మళ్లీ పిలుస్తున్నారు, కొందరు లేదు.

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. వదిన నంబరు. ఏడాది తర్వాత. గొంతులో తొందర.

"కిచెన్‌లో పనిచేసే ఆవిడకి చెయ్యి మీద నూనె పడింది. చల్లనీళ్ల కింద పెట్టాం. ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. ముందు ఏం చెయ్యాలో చెప్పు."

"ఎక్కడ జరిగిందని అడుగుతారు వదినా. షాపులో, పని చేస్తుండగా అని చెప్పండి. ఆమెనే చెప్పనివ్వండి. వెళ్లేముందు మీ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్యండి. తర్వాత చూపించుకోవడానికి మీరు ముగ్గురు డాక్టర్ల పేర్లిచ్చి, వాళ్లలో ఒకరిని ఆమెనే ఎంచుకోమనాలి. ఎప్పుడు, ఎలా జరిగిందో ఆమె ఒక కాగితం మీద రాసి మీకివ్వాలి, ఆమె దగ్గర కూడా ఒకటి ఉంచుకోవాలి. తర్వాత క్లెయిమ్ ఆమె పేరుతో ఆమే వెయ్యాలని చెప్పండి. మీరు చూసుకుంటారని ఊరుకోవద్దని చెప్పండి."

వదిన ఒక్కొక్క మాటా పైకి చెబుతోంది, పక్కన ఎవరికో వినిపించడానికి. వ్యాన్ ఇంజను చప్పుడు వినబడుతోంది. వెనక సీట్లో ఒక ఆడమనిషి ఏడుపు ఆపుకుంటోంది. కాసేపటికి ఫోన్ చేతులు మారింది. అన్నయ్య గొంతు. నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

"ఆ రాసేది రేపు రాస్తే సరిపోతుందా అమ్మా? ఇప్పుడు ఆవిడ రాసే స్థితిలో లేదు."

"ఆవిడ చెబితే వదినని రాయమనండి అన్నయ్యా," అన్నాను. "ఇవాళే రాయించండి."

"సరే," అన్నాడు. వ్యాన్ కదిలింది.